సర్ బడా సర్‌దార్ కా

రెండు నెలల కింద మా మొహల్లాలో ఒక అఖీఖాకి వెళ్లాను. ఏడు రోజుల పిల్లాడు. నానీమా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే హజ్జామ్ మెల్లగా తల గీశాడు. తీసిన వెంట్రుకలు తూచి, ఆ తూకం చాందీకి ఎంతవుతుందో లెక్కగట్టి ఖైరాత్ పైసలు పక్కన పెట్టారు. బయట దేగ్ మూత తీసిన వాసన. అందరూ దస్తర్‌ఖాన్ వైపు లేస్తుంటే నేను జేబులోంచి దర్జీ టేపు తీసి, "ఒక్క నిమిషం, తల కొలుస్తాను" అన్నాను.

నానీమా నావైపు అనుమానంగా చూసింది. "కైకు బేటా? ఏడు రోజులోడికి షేర్వానీ కుట్టిస్తావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కనుబొమ్మల పైనుంచి తల వెనక ఎత్తుగా ఉండే చోటు మీదుగా టేపు తిప్పితే 35 సెంటీమీటర్లు వచ్చింది. ఇజాజత్ అడిగి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ కిందే రాసిపెట్టాను. టేపు వాళ్ల దగ్గరే వదిలేసి, చిల్లా స్నానం రోజు మళ్లీ కొలిచి ఫోన్ చేయమన్నాను.

ఈ పిచ్చి నాకెందుకు పట్టిందో చెప్పాలంటే రెండు గల్తీలు ఒప్పుకోవాలి. ఒకటి నా ఖలం చేసింది. రెండోది నా ఇంట్లోనే జరిగింది.

మొదటిది 2002లో. అప్పుడు నేనొక పత్రికకి మండల విలేకరిని. స్కూలంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని. మావాడికి తెలుగు బాగా వచ్చు అని ఇతరుల చేత అనిపించుకోవాలనే షౌఖ్ నిండుగా ఉన్న రోజులు. ఒక పల్లెలో పెద్ద తలతో బిడ్డ పుట్టిందని కబురొస్తే ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని పోయాను. కూలీ చేసుకునే వాళ్ల ఇల్లు. చాప మీద బిడ్డ. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నుదుటి మీద నీలంగా నరాలు తేలి కనిపిస్తున్నాయి. కళ్లు కిందికి దిగిపోయి, నల్లగుడ్లు సగం కింది రెప్పల్లో మునిగి, పైన తెల్లగా ఉంది. మగ్రిబ్ వేళ సూరజ్ అంచున దిగినట్టు. డాక్టర్లు కూడా దీన్ని అస్తమించే సూర్యుడితోనే పోలుస్తారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

"వింత శిశువు జననం" అని పేరు పెట్టి ఆరు లైన్లు రాశాను. జిల్లా పేజీలో ఫోటోతో వచ్చింది. మర్నాటి నుంచి ఆ ఇంటికి జనం. కొందరు దణ్ణాలు పెట్టి పది రూపాయల నోట్లు పెట్టిపోయారు. మనవాళ్లు కొందరు ఖయామత్ కీ నిషానీ అన్నారు. నా ఆరు లైన్లలో డాక్టర్ మాట ఒక్కటి లేదు. ఇది బీమారీ అని గానీ, ఆపరేషన్ ఉందని గానీ, ఎక్కడికి తీసుకుపోవాలో గానీ లేదు. ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. నెలన్నర తర్వాత అదే దారిన పోతూ వాకబు చేస్తే బిడ్డ పోయిందన్నారు. దానికి వార్త లేదు.

ఆ బీమారీ పేరు హైడ్రోసెఫలస్. తెలుగులో తలలో నీరు చేరడం అంటాం. యునానీ హకీములు ఇస్తిస్ఖా-ఎ-దిమాగ్ అన్నారు. వానలు పడనప్పుడు మైదానానికి పోయి చదివే నమాజె ఇస్తిస్ఖాలో ఉన్న మాటే అది. నీటి కోసం అల్లాడడం. ఇక్కడ మాత్రం ఉన్న నీరు పోవడానికి దారి లేక బిడ్డ అల్లాడుతుంది.

మెదడు లోపల నాలుగు గదులుంటాయి. వాటిలో తేటనీరు ఆగకుండా ఊరుతుంటుంది. పెద్దవాళ్లలో అయితే రోజుకి అర లీటరు దాకా. అది గది నుంచి గదికి పారి, మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి, మళ్లీ ఖూన్‌లో కలిసిపోవాలి. దారిలో ఎక్కడైనా అడ్డం పడిందా, మోరీ మూసుకుపోయిన ఇంట్లో నీళ్లు ఎగదన్నినట్టే. ఊరేది ఊరుతూనే ఉంటుంది, గదులు ఉబ్బుతాయి, మెదడు గోడకేసి నొక్కుకుపోతుంది. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు కాబట్టి తలే పెరిగి చోటిస్తుంది. ఆ పెరగడం ఒక రకంగా అల్లా ఇచ్చిన మొహ్లత్. లోపల జరుగుతున్నది బయటికి కనిపిస్తుంది. చూసే కళ్లుండాలి, అంతే.

మా ఇంట్లో ఆ కళ్లు లేవు.

2010 రంజాన్ ఈద్ వెళ్లిన పది పన్నెండు రోజులకి మా చెల్లికి కొడుకు పుట్టాడు. మొదటి కాన్పు కాబట్టి మైకాలో, అంటే మా ఇంట్లో. అఖీఖా చేశాం. తల గీశాక నుదురు కాస్త విశాలంగా కనిపించింది. మా అమ్మీ మురిసిపోయి, "సర్ బడా సర్‌దార్ కా, పైర్ బడా గవార్ కా" అంది. అందరం వాహ్వా అన్నాం. ఆ సామెత మన ఇళ్లలో ఎన్ని తరాల నుంచి ఉందో తెలియదు గానీ, ఆ రోజు మా ఇంట్లో డాక్టర్ రావలసిన చోట అది వచ్చి కూర్చుంది.

తర్వాత చిల్లా. నలభై రోజులు తల్లీబిడ్డా గదిలో. తలుపు సందుల్లో గుడ్డలు, లోబాన్ పొగ, పిల్లాడి నెత్తిన ఎప్పుడూ టోపీయో రుమాలో. చలిగాలి సోకకూడదని, నజర్ తగలకూడదని. చిల్లాని నేను తప్పుపట్టను. ఇంటి చాకిరీ నుంచి ఔరత్‌కి దొరికే ఆరామ్ అదొక్కటే. కానీ ఆ గదిలోకి దాయీ తప్ప ఎవరూ రారు. వాడి తలని వెలుతురులో చూసినవాళ్లు లేరు. వాడు పాలు కక్కుతుంటే బదహజ్మీ అన్నాం. కీచుమని ఏడుస్తుంటే ఘుట్టీ పోశాం. నలభయ్యో రోజు స్నానం చేయించి, పుట్టకముందే అమ్మీ క్రోషియాతో అల్లిన తెల్ల టోపీ పెట్టబోతే పట్టలేదు. "అల్లడంలోనే తప్పు చేశాను" అనుకుంది అమ్మీ. ఆ టోపీ ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టెలో ఉంది.

ఆరో వారం టీకా కూడా వేయించలేదు. టీకా వేస్తే బుఖార్ వస్తుందని వాయిదా వేశాం. ఈలోగా ఎవరో నజర్ అన్నారు, ఎవరో సాయా అన్నారు. ఒక ఆమిల్ దగ్గరికి పోయి తావీజ్ తెచ్చారు, మూడు జుమ్మాలు ఫూంక్ వేయించారు. నేను అడ్డం చెప్పలేదు. పేపరు ఆఫీసులో రాత్రి రెండింటి దాకా పని, పొద్దున లేచి చూస్తే పిల్లాడు నిద్రలో. ఇవన్నీ బహానాలే. ఎనిమిదేళ్ల కింద అలాంటి బిడ్డనే దగ్గర్నించి చూసి, ఆరు లైన్లు రాసినవాణ్ని నేను. నా ఇంట్లో అదే తల, అవే కళ్లు, గుర్తుపట్టలేదు. వార్త రాసినంత మాత్రాన విషయం తెలిసినట్టు కాదు.

గుర్తుపట్టింది మా వార్డుకి వచ్చే ఏఎన్ఎం. పదో వారంలో ఆమె పోరు పడలేక టీకాకి తీసుకుపోతే, సూది పక్కన పెట్టి ముందు టోపీ తీసింది. మాడు మీద రెండు వేళ్లు ఆనించింది. మెత్తగా లోపలికి ఉండాల్సింది బిగిసి ఉబ్బి ఉంది. టేపుతో కొలిచింది. 46. ఆ వయసుకి 40 దగ్గర ఉండాలి. టీకా సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రికి పోండి అంది.

ఆ రాత్రే బయల్దేరాం. స్కాన్‌లో తెలిసింది, మూడో గదికీ నాలుగో గదికీ మధ్య ఉండే సన్నటి కాలువ పుట్టుకతోనే మూసుకుపోయి ఉందని. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది. సర్జన్ మమ్మల్ని తిట్టలేదు. ఫైలు చూస్తూ, "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని ఒక్కమాట అడిగాడు. మా బహనోయి నావైపు చూశాడు. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే కదా.

వాడికి వేసింది షంట్. మెదడు గదిలోంచి ఒక సన్నటి రబ్బరులాంటి గొట్టం, చెవి వెనక చర్మం కింద ఒక వాల్వు, అక్కడి నుంచి మెడ, ఛాతీ మీదుగా కడుపులోకి. ఎక్కువైన నీరు కడుపులోకి దిగి ఒంట్లో కలిసిపోతుంది. ఇంతే ఆపరేషన్. కొందరు పిల్లల్లో గొట్టం లేకుండా, దుర్బీన్‌తో లోపలే ఇంకో దారి తెరుస్తారు. ఎవరికి ఏది అన్నది సర్జన్ చెప్పాలి.

ఈ వాల్వు వెనక ఒక బాప్ కథ ఉంది. 1950ల మధ్యలో అమెరికాలో జాన్ హోల్టర్ అని తాళాల కంపెనీలో పనిచేసే మెకానిక్ ఉండేవాడు. కొడుకు వెన్నులో లోపంతో పుట్టాడు, తలలో నీరు చేరింది. అప్పటి వాల్వులు పనిచేయడం లేదని డాక్టర్ యూజీన్ స్పిట్జ్ చెబితే, ఇంటికి పోయి తనే ఒకటి తయారుచేశాడు. కొడుకు బతకలేదు. 1956 నుంచి ఆ వాల్వు లెక్కలేనంత మంది పిల్లల్ని బతికించింది. మన దగ్గర ఇలాంటి బిడ్డ పుడితే బాప్ చేసే మొదటి పని బీవీ వైపు వేలు చూపించడం. అందుకే ఈ కథ చెబుతున్నా.

షంట్ అంటే లక్షలు కావాలనే భయం ఇంకొకటి. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ మన దేశానిదే. బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికా సర్జన్ ఉగాండాలో పనిచేస్తూ 195 మంది పిల్లల్లో దీన్ని ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూశాడు. అది 650 డాలర్లు, ఇది 35. ఏడాది తర్వాత రెంటికీ ఫరఖ్ కనిపించలేదని 2005లో రాశాడు. పైసలు లేక చచ్చిపోయే బీమారీ కాదిది. పొద్దు మించిపోయి పాడయ్యే బీమారీ.

అయితే షంట్ పడగానే ఖిస్సా ఖతం అనుకోకండి. గొట్టం మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. పిల్లల్లో దాదాపు సగం షంట్లు రెండేళ్లలోపే మొరాయిస్తాయి. మావాడికి పద్నాలుగో నెలలో ఒకసారి, ఐదో ఏట ఒకసారి మార్చారు. రెండోసారి వాంతులు మొదలైతే షాదీలో తిన్న బిర్యానీ అనుకుని ఒక రాత్రి వృథా చేశాం. షంట్ ఉన్న బిడ్డకి తలనొప్పి, వాంతి, మగత, జ్వరం ఏది వచ్చినా ముందు షంట్‌నే అనుమానించాలి.

ఇక మా చెల్లి మీద పడ్డ మాటలు. జనవరి 15న గహన్ పట్టినప్పుడు సుపారీ కోసిందట, అందుకే ఇలా అయిందట. ఆ రోజు ఆమెకి తాను కడుపుతో ఉన్న సంగతే తెలియదు. ససురాల్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తెరీ కోఖ్ మే హీ ఖరాబీ అని ముఖం మీదే అంది. మా చెల్లి ఏడవలేదు. పిల్లాడి షంట్ మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కడానికి ఏడాది పట్టింది.

రిష్తేదారీలో షాదీల సంగతి కూడా దాచకూడదు. మేనరికాలు, ఖాలా-ఫుప్పూ పిల్లల మధ్య షాదీలు వంశంలో దాగిన కొన్ని జబ్బుల్ని బయటికి తెస్తాయి. ఇంట్లో అలాంటి బిడ్డ ఒకరు పుట్టి ఉంటే, ఇంకో రిష్తా కలిపేముందు డాక్టర్‌ని అడగాలి. కానీ తలలో నీరు చేరిన ప్రతి బిడ్డకీ అదే కారణమనడం జుల్మ్. మా చెల్లి దంపతులకి ఏ రిష్తా లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడులో రక్తం చిమ్మి గడ్డకట్టినా వస్తుంది. మెదడువాపు జ్వరం తర్వాత వస్తుంది. వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తుంది.

ఈ చివరిదానికి మాత్రం ముందే చేయగలిగింది ఉంది. బిడ్డ వెన్ను, గర్భం పడిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. ఆ లోపు చాలామందికి నెల తప్పిందన్న సంగతే తెలియదు. ఫోలిక్ యాసిడ్ గోలీ రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల దాకా వేసుకుంటే ఆ లోపం చాలావరకు తగ్గుతుంది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి ఎక్కువ మోతాదు ఇచ్చి చూస్తే, వందలో 72 కేసులు తగ్గాయని 1991లోనే బ్రిటన్ పరిశోధనలో తేలింది. వాళ్లు డాక్టర్ చెప్పిన మోతాదే వేసుకోవాలి. మన దగ్గర ఈ గోలీ మూడో నెలలో ఆసుపత్రికి పోయాక మొదలుపెడతారు. అప్పటికి ఆ 28 రోజులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. దుల్హన్‌కి జహేజ్‌లో ఫ్రిజ్, బీరువా, పాన్‌దాన్ దాకా లిస్టు రాస్తాం. కొన్ని రూపాయల గోలీల పట్టీ ఏ లిస్టులోనూ ఉండదు. జహేజే వద్దంటాన్నేను. ఇచ్చేవాళ్లెలాగూ ఇస్తున్నారు కాబట్టి చెబుతున్నా.

ఐదో నెలలో టిఫా స్కాన్ చేయించుకోండి. మా చెల్లికి ఖర్చెందుకని చేయించలేదు. ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ జరగాలో, పుట్టగానే ఎవరికి చూపించాలో తెలిసేది. ఇంకో మాట. స్కాన్‌లో గదులు కొంచెం పెద్దవిగా ఉన్నాయనగానే బెదిరిపోకండి. కొంచెం పెరిగినవి చాలామందిలో ఏ ఇబ్బందీ లేకుండానే ఉంటాయి. రెండోసారి చూపించుకోవాలి.

జల్సాల్లో మనవాళ్లు ముస్లిం సైన్స్‌దానుల పేర్లు గర్వంగా చదువుతారు. అందులో అల్ జహ్రావి పేరు తప్పకుండా ఉంటుంది. అందలూస్‌లో వెయ్యేళ్ల కిందటి జర్రాహ్, ముప్పై భాగాల కితాబుత్ తస్రీఫ్ రాసినవాడు. ఆ కితాబ్‌లో పిల్లల తలలో చేరే నీటి గురించి ఉంది. దానికి కోత ఎలా పెట్టాలో చెబుతూనే, తాను చూసిన అలాంటి పిల్లలు త్వరగా చనిపోయారనీ, అందుకే తాను చేయి పెట్టలేదనీ ఒప్పుకున్నాడు. నాకు ఆ ఒప్పుకోలే నచ్చుతుంది. తన చేతిలో లేని ఇలాజ్ ఉందని అబద్ధం చెప్పలేదు. ఆయన చేయలేక వదిలేసింది ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో చేస్తున్నారు. మనం ఆయన పేరు స్టేజీ మీద చదివి, ఇంటికొచ్చి మూడు జుమ్మాలు ఫూంక్ వేయిస్తాం. దువా మానమని ఎవరూ చెప్పరు. ఆపరేషన్ థియేటర్ బయట మేం చేసింది దువానే. కానీ ఒంటెని కట్టేయకుండా తవక్కుల్ అంటే కుదరదని మనకి చిన్నప్పుడే మదర్సాలో చెప్పారు కదా.

మావాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఒక ఏడాది వెనకబడ్డాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, లెక్కలంటే హడలిపోతాడు, క్రికెట్ స్కోర్లు మాత్రం ఏ మ్యాచ్‌వైనా నోటికి చెబుతాడు. జుమ్మాకి నా పక్కన నిలబడి సజ్దాకి వంగినప్పుడు టోపీ అంచు కింద, చెవి వెనక, ఆ చిన్న బుడిపె కనిపిస్తుంది. నాలుగో వారంలోనే చూపించి ఉంటే కాలు బాగుండేదా, లెక్కలు వచ్చేవా? సర్జన్‌ని అడిగాను. చెప్పలేం అన్నాడు. ముందే వచ్చిన పిల్లలు చాలామంది మామూలుగా బడికి పోతున్నారని మాత్రం అన్నాడు. ఆ మాటతోనే నేను పదిహేనేళ్లుగా పడుకుంటున్నాను.

అందుకే ఈ టేపు. అఖీఖా రోజు తల ఎలాగూ గీస్తాం, వెంట్రుకలు ఎలాగూ తూస్తాం. ఒక్కసారి కొలిచి రాసిపెడితే ఏం పోతుంది? నెలలు నిండి పుట్టిన బిడ్డకి 33 నుంచి 37 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకి రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. వారానికి ఒక సెంటీమీటరు దాటి పెరుగుతోందంటే, మాడు ఉబ్బి బిగిసిందంటే, నరాలు తేలాయంటే, కళ్లు కిందికి దిగాయంటే చిల్లా పూర్తయ్యేదాకా ఆగకండి. ఖాందాన్‌లో అందరికీ పెద్ద తలలే ఉంటే బిడ్డకీ ఉండొచ్చు, అది వేరే. దాన్ని తేల్చాల్సింది డాక్టర్, సామెత కాదు.

మసీదు కమిటీలకి ఒక గుజారిష్. ఏటా రంజాన్‌లో సహ్రీ-ఇఫ్తార్ టైంటేబుల్ కార్డులు వేలల్లో పంచుతారు. వెనక వైపు హోటళ్ల, బట్టల షాపుల ఇష్తెహార్లు. ఇందాక చెప్పిన నాలుగు ముక్కలకి అక్కడ రెండంగుళాల చోటివ్వండి. మా సహాఫీ బిరాదరీకి కూడా ఒక మాట. "వింత శిశువు" ఇంకా చావలేదు. పేపర్లలో తగ్గి యూట్యూబ్‌లో తేలింది, ఎర్ర బాణం గుర్తుతో సహా. ఆ ఫోటో పెట్టే ముందు ఒక న్యూరోసర్జన్‌కి ఫోన్ చేయండి. వార్త కాస్త ఆలస్యమవుతుంది, అంతే కదా.

పోయిన బుధవారం ఆ నానీమా ఫోన్ చేసింది. చిల్లా స్నానం అయింది, తల కొలిచాం, 38 వచ్చింది, ఠీక్ హై క్యా అని. ఠీక్ హై అన్నాను. అఖీఖా రోజు 35 అని క్యాలెండర్‌లో ఉంది చూసుకోమంటే, అది ఆమెకి నోటికే ఉంది. తర్వాత, "టేపు వాపస్ పంపనా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. పక్కింటి బహూకి నెలలు నిండాయి, ఆమెకిస్తానంది.